రాజుగారి నడక

"తలుపు తియ్యి నాన్నా. మళ్ళీ పెట్టిన కాఫీ కూడా చల్లారిపోతోంది."

లోపలి నుంచి జవాబు లేదు. ఫ్యాను చప్పుడు, మధ్యమధ్య పేరయ్య గొంతు సవరించుకుంటున్న చప్పుడు వినిపిస్తున్నాయి. అంటే మనిషి మేలుకునే ఉన్నాడు. పలకదలుచుకోలేదు, అంతే.

సుధామయి గ్లాసు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. పెట్టిన తీరుకి కాఫీ సగం ఒలికింది.

"చూశావుగా," అంది కూతురి వైపు తిరక్కుండానే. "నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస. రాత్రి అన్నం తినలేదు. బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో తెలీదు. నీకిప్పుడు తృప్తిగా ఉందా?"

నిన్న యూనివర్సిటీ రంగస్థల విభాగం హాల్లో దీపాలు వెలిగినప్పుడే శ్రీలలిత దగ్గర మాటలు అయిపోయాయి.

శ్రీలలిత పనిచేసే స్టూడియో తీస్తున్న యానిమేషన్ సినిమాలోంచి చిన్న ముక్క నిన్న అక్కడి విద్యార్థులకు చూపించారు. యుద్ధంలో ఓడిన ముసలి రాజు ఖాళీ సభలోకి నడిచి వచ్చి, కిరీటం తీసి కూతురి చేతికిచ్చే దృశ్యం. రాజుకి కుడికాలు ఈడ్పు. ఆ కాలు నేలకి రాసుకుంటూ వస్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. చివర చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యే ముందు వరసలో కూర్చున్న పేరయ్య లేచి, చేతికర్ర ఆనించుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ రాజు నడక పేరయ్యది. పోయినేడు పక్షవాతం వచ్చి తగ్గాక ఆయనకి మిగిలిన నడక. దాన్ని మనవరాలు ఆయనకి చెప్పకుండా ఫోన్‌లో వీడియో తీసుకుని, దాని మీదే బొమ్మలు వేసింది.

"అడిగితే ఏం పోయేదే?" సుధామయి గొంతు తగ్గించింది. ఆమె కోపం ఎక్కువైనప్పుడే గొంతు తగ్గుతుంది.

"అడిగితే ఎవరూ మామూలుగా నడవరమ్మా. కెమెరా ఉందని తెలిస్తే మనిషి మారిపోతాడు."

"అందుకని దొంగచాటుగా తీశావు."

శ్రీలలిత తండ్రి ఆత్రేయ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. ఇంట్లో గొంతులు తగ్గినప్పుడు మధ్యలోకి వెళ్ళకూడదని ఎప్పుడో నేర్చుకున్నాడు. టిఫిన్ బాక్సు తనే సర్దుకుని, "మామయ్యగారు తలుపు తీస్తే ఫోన్ చెయ్యండి" అని ఎవరికో చెప్పినట్టు చెప్పి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

"ఆ నడక ఆయనొక్కడిదే అనుకున్నావా?" సుధామయి కుర్చీలో కూర్చుంది. "ఆస్పత్రి నుంచి తెచ్చిన కొత్తల్లో మంచం దిగాలంటే భయపడేవాడు. పొద్దున్నే క్యాంపస్‌కి తీసుకెళ్ళి, ఆ చెట్ల కింద ఒక్కో అడుగూ నేను వేయించాను. కుడికాలు ఎత్తు నాన్నా, ఎత్తు, అని. పసిపిల్లాడికి నేర్పినట్టు నేర్పాను. వాకింగ్‌కి వచ్చేవాళ్ళు ఆగి చూస్తుంటే తల దించుకునేవాడు. వాళ్ళని చూడకు, నన్ను చూడు అనేదాన్ని. అంత కష్టపడి నిలబెట్టుకున్నదాన్ని తీసుకెళ్ళి నువ్వు పదిమంది ముందూ ఆడించావు."

శ్రీలలితకి వీడియో కళ్ళ ముందు కదిలింది. అందులో తాతయ్య మోచేతి కింద అమ్మ చెయ్యి ఉంది. రాజు బొమ్మ వేసేటప్పుడు ఆ చేతిని తనే తీసేసింది. రాజు ఒంటరిగా నడవాలి కాబట్టి తీసేసింది. ఆ క్షణంలో దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

"సారీ అమ్మా," అంది.

"నాక్కాదు చెప్పాల్సింది." సుధామయి మూసి ఉన్న తలుపు వైపు చూసింది. "జీవితమంతా ఎవడి మొహం కిందో ఈయన ఒళ్ళు. ముసలితనంలో కూడా అదే రాసిపెట్టావు."

పేరయ్య సినిమాల్లో డూపు. రేపల్లెలో నాటకాలు ఆడుకుంటూ మద్రాసు వెళ్ళి, హీరోల బదులు గుర్రాలెక్కాడు, కత్తులు తిప్పాడు, కోటగోడల మీంచి దూకాడు. అన్నిటికన్నా ఎక్కువగా నడిచాడు. రాజుల నడకలు. హీరోగారు మధ్యాహ్నానికి వెళ్ళిపోతే, దూరం నుంచి తీసే షాట్లూ వీపు కనిపించే షాట్లూ ఈయన మీద తీసేవారు. ఒకసారి గుర్రం మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు సుధామయి మూడో తరగతి. సినిమా హాల్లో తెర మీద వీపు కనిపించగానే "అదిగో మా నాన్న" అని ఆ పిల్ల అరిచేది. పక్కపిల్లలు నవ్వేవాళ్ళు. మొహం కనిపిస్తే కదా నమ్మడానికి. కొన్నాళ్ళకి ఆ పిల్ల అరవడం మానేసింది. ఆ తర్వాత సినిమాలకి వెళ్ళడమే మానేసింది.

శ్రీలలిత సంగతి వేరు. ఆమె ఈ పనిలోకి వచ్చిందే తాతయ్య కథలు విని. గోనెపట్టల మీద ప్లాస్టర్ పూసి చలువరాతి స్తంభాలు చేయడం, మైనం రుద్ది అద్దంలా చేసిన నేల మీద గీత పడకుండా అందరూ చెప్పులు విడిచి తిరగడం, ఆర్క్ దీపాల వేడికి గడ్డం జిగురు కరిగి కారుతున్నా షాట్ అయ్యేదాకా మనిషి రాజులా నిలబడటం. అన్నం కలిపి పెడుతూ ఆయన చెబితే, ముద్ద మింగడం మరిచిపోయేది.

బెల్ మోగింది.

కరుణాకర్ వచ్చాడు. స్టూడియో అతనిదే. జనగామ దగ్గర పత్తి పండించే ఇంట్లో పుట్టి, ఈ యూనివర్సిటీలోనే చదివి, తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు గదులు తీసుకుని స్నేహితులతో మొదలుపెట్టాడు. ఈ సినిమాకి దర్శకుడూ అతనే. రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నమస్తే ఆంటీ. తాత ఎట్లున్నడు?"

"తలుపు తియ్యలేదు," అంది సుధామయి. కూర్చోమనలేదు.

అతను నిలబడే మాట్లాడాడు. "తప్పు నాది ఆంటీ. లలిత వీడియో చూపిచ్చిననాడే తాతని అడిగినవా అని నేను అడగాలె. అడగలే. నడక చూసి పిచ్చోన్నయిపోయిన. మీరు తియ్యమంటే తీసేస్తం. ఈ రోజే."

శ్రీలలిత తలెత్తింది. సోమవారం నిర్మాత వస్తున్నాడు. ఈ ముక్క నచ్చితే సినిమా నడుస్తుంది, లేకపోతే ఆ రెండు గదులకీ తాళం పడుతుంది. ఆ సంగతి కరుణాకర్ ఎత్తలేదు. ఎత్తడని ఆమెకి తెలుసు.

"తీసెయ్యండి," అంది సుధామయి.

"సరే ఆంటీ."

కింద వీధిలో కొబ్బరిబోండాల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

గడియ తీసిన చప్పుడైంది.

పేరయ్య గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. మనిషి అలిగినవాడిలా లేడు. పనికి బయల్దేరినవాడిలా ఉన్నాడు.

"ఏమిటి తీసేసేది?" అన్నాడు.

"నీ నడక నాన్నా. వాళ్ళ సినిమాలోంచి తీసేస్తారు."

"అది తీసేస్తే ఇంకేముంది అందులో?" నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని మనవరాలి వైపు తిరిగాడు. "ముందు ఇది చెప్పు. ఆ చివరి ముక్క ఎవరు కత్తిరించారు?"

"ఏ ముక్క తాతయ్యా?"

"చెట్టు దాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూశాను. మెడ ఒక్కటే తిప్పకుండా ఒళ్ళంతా తిప్పాను. అది లేదు. దాని బదులు మీ రాజు సింహాసనం ముందు తూలాడు. నేనెక్కడ తూలాను?"

శ్రీలలితకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక అడుగు ముందుకి వేసింది.

"నీకు తెలుసా? నేను తీస్తున్నట్టు?"

"కెమెరా ముందే బతికినవాణ్ణి. అది వీపు మీద పడితే తెలీదుటే నాకు? బెంచీ వెనక నక్కావు. మొదటిరోజు నా మామూలు నడకే నడిచాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే అది నీకు పనికొచ్చేలా లేదనిపించింది. ఓడిన రాజు కథ నువ్వే కదా చెప్పావు, అన్నం తింటూ. అందుకని మర్నాడు రాజులా నడిచాను."

"అంటే ఆ నడక..."

"నాది కాదు. నా కాలు అంతలా ఈడ్వదు."

సుధామయి కుర్చీలోంచి లేచింది. ఆమె మొహంలో కోపం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడం శ్రీలలితకి స్పష్టంగా కనిపించింది.

"నాన్నా, ఆ వారమేగా నీ కాలు మరీ అధ్వాన్నమైందని నిన్ను డాక్టర్ దగ్గరికి పరిగెత్తించాను. స్కానింగ్ తీయించాను. మళ్ళీ వచ్చిందేమోనని రాత్రిళ్ళు నీ గది బయట కూర్చున్నాను."

పేరయ్య కర్ర పిడి వైపు చూస్తూ, "చెబుదామనే అనుకున్నాను," అన్నాడు. "నువ్వు అప్పటికే బాగా కంగారుపడిపోయావు. తిడతావని."

కరుణాకర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నవ్వుతో భుజాలు కదులుతున్నాయి.

"మరి నిన్నటి నుంచి తలుపేసుకుని ఏం చేస్తున్నావు?" అంది సుధామయి.

"మొదట కోపం వచ్చింది. కోపంలో నోరు జారతానని గడియ పెట్టుకున్నాను. తర్వాత లేచి నడిచాను. ఆ తిరగడం మళ్ళీ వస్తుందో రాదో చూసుకోవాలిగా." కరుణాకర్ వైపు చూశాడు. "ఏమయ్యా, రాజుని ఎందుకు తూలించావు? తూలితే జనం జాలిపడతారు. ఆయన జాలి కోసం రాలేదు. కిరీటం అప్పజెప్పడానికి వచ్చాడు."

కరుణాకర్ ఇటు తిరిగాడు. నవ్వు పోయింది. వచ్చి నేల మీదే కూర్చున్నాడు.

"తాతా, మీకు ఒంట్ల బరువున్నది. బొమ్మకు ఉండది. గీత గీస్తే గాలిల తేలినట్టుంటది. వాడు నేల మీద నిలవడ్డడు అని చూసెటోనికి అనిపియ్యాలంటే నేను ఏదో ఒకటి చెయ్యాలె. తూలితే కాలు నేలను గుద్దుతది, అప్పుడు బరువు తెలుస్తది. జాలి కోసం కాదు. బరువు కోసం."

పేరయ్య ముందుకి వంగాడు. "బరువు నువ్వు పెట్టాలన్నమాట."

"ఔ. ఒక్కొక్క గీతకు. లలిత గా కాలు ఎన్నిసార్లు తుడిచి వేసిందో ఆమెనే అడుగుండ్రి. వేళ్ళకు బొబ్బలొచ్చినయి."

పేరయ్య మనవరాలి చెయ్యి లాక్కుని చూశాడు. చూపుడువేలు పక్కన గట్టిపడిన చర్మాన్ని బొటనవేలితో తడిమాడు.

"మాకు అట్టకిరీటం పెట్టి, బంగారం మోస్తున్నట్టు నడవమనేవాళ్ళు," అన్నాడు. "లేని బరువుని మెడలోకి తెచ్చుకోవాలి. ఒక్కోసారి ఫ్లోర్ మీద అందరూ మాటలు ఆపేసేవాళ్ళు. పైన పలకల మీద కూర్చున్న లైట్‌బాయ్‌లు కూడా. అప్పుడు తెలిసేది, బరువు వచ్చిందని. మీదీ అదే కష్టమన్నమాట."

"గంతే తాత. కానీ దూరం షాట్ల మెడ కనవడదు కదా."

"అదీ నిజమే. దూరం షాట్‌లో నా మొహమే కనపడేది కాదు." పేరయ్య నవ్వాడు. పక్షవాతం తర్వాత ఆయన ఇలా నోరారా నవ్వడం శ్రీలలిత చూడలేదు. "అయితే మనం ఇంకోసారి చేద్దాం. తూలకుండా బరువు తెస్తాను. నీకు చాలకపోతే నీ తూలుడు నువ్వు పెట్టుకో."

"వీల్లేదు," అంది సుధామయి.

పేరయ్య ఏదో అనబోయాడు.

"వీల్లేదంటే వీల్లేదు. గుర్రం మీంచి పడ్డప్పుడు నిన్ను తలుపు చెక్క మీద పడుకోబెట్టి తెచ్చారు. నాకు గుర్తుంది. నువ్వప్పుడు కూడా నవ్వుతున్నావు. షాట్ బాగా వచ్చిందే అమ్మడూ, అని. అమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. నీకు షాట్ ముఖ్యం. మిగతావన్నీ మేం చూసుకోవాలి."

పేరయ్య కూతురి వైపు చాలాసేపు చూశాడు. సర్దిచెప్పడానికి ప్రయత్నించలేదు.

"నువ్వు చెప్పింది నిజం," అన్నాడు. "కానీ సుధా, నువ్వు నేర్పకపోతే నాకు ఆ మామూలు నడక కూడా లేదు. అందుకని నువ్వొద్దంటే నడవను. నువ్వు రాకపోయినా నడవను."

సుధామయి ఒలికిన కాఫీని గుడ్డతో తుడిచింది. గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి తిప్పిన చప్పుడు, గ్లాసు కడిగిన చప్పుడు, మళ్ళీ స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించాయి.

"రేపు పొద్దున్నే అయిపోవాలి," అంది లోపలి నుంచి. "నాకు లైబ్రరీలో డ్యూటీ ఉంది."

*

మర్నాడు ఎండ ముదరకముందే హాలు తీయించారు. కరుణాకర్ చదువుకున్న విభాగమే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. వేదిక మీద పరదాలు పక్కకి లాగి, శ్రీలలిత రెండు కెమెరాలు పెట్టింది. ఒకటి ఎదురుగా, ఒకటి పక్క నుంచి. ఈసారి దాక్కోవలసిన అవసరం లేదు.

నాటకాల సామాను గదిలోంచి కరుణాకర్ రెండు కిరీటాలు తెచ్చాడు. ఒకటి అట్టది, ఒకటి ఇత్తడి రేకుది. పేరయ్య ఇత్తడిది అందుకున్నాడు.

"అది బరువు నాన్నా."

"తెలుసు. వీళ్ళకి బరువే కావాలిట."

సుధామయి మూడో వరసలో కూర్చుంది. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, పక్కన మంచినీళ్ళ సీసా, మాత్రల డబ్బా. వేదిక వైపు కాకుండా కిటికీలోంచి చెట్ల వైపు చూస్తోంది.

పేరయ్య వేదిక ఆ చివరికి వెళ్ళాడు. చేతికర్రని గోడకి ఆనించాడు. కళ్ళు మూసుకుని కొంచెంసేపు అలాగే నిలబడ్డాడు. శ్రీలలిత కెమెరాలోంచి చూస్తోంది. రోజూ చూసే తాతయ్యే. నలిగిన పంచె, కొద్దిగా పక్కకి ఒరిగిన భుజం. అంతలో ఏం చేశాడో ఆమెకి తెలియలేదు. వెన్ను నిటారుగా కాలేదు. భుజం పైకి లేవలేదు. కానీ అక్కడ నిలబడింది ఇంకొకరు.

మొదటి అడుగు పడింది. కుడికాలు వెనక వచ్చింది, నేలని రాసుకుంటూ. ఆ కాలు కోసం ఆయన ఆగలేదు. దాన్ని దాచుకోలేదు. కోట పోయినవాడికి, సైన్యం పోయినవాడికి ఆ కాలొక లెక్క కాదన్నట్టు దాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కిరీటం కింద మెడ నరాలు బిగిశాయి. ఖాళీ కుర్చీల వైపు ఒక్కసారి చూశాడు. అవి కుర్చీలు కావు, ఆయన కోసం ప్రాణాలిచ్చినవాళ్ళు కూర్చునే చోట్లు. ఇన్నాళ్ళూ ఈ మనిషి వీపు మాత్రమే చూపించి వదిలేశారు, అనుకుంది శ్రీలలిత.

కరుణాకర్ నోట్లో గోరు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. మానిటర్ చూడటం కూడా మరిచిపోయాడు.

వేదిక మధ్యకి వచ్చి రాజు ఆగాడు. వెనక్కి తిరిగాడు. మెడ కాదు, ఒళ్ళంతా. తన వెంట ఎవరూ రాలేదని తెలిసీ, ఒకసారి చూసుకోవాలి కాబట్టి చూసుకున్నట్టు. తూలలేదు. మళ్ళీ ముందుకి తిరిగి, రెండు చేతులతో కిరీటం తీశాడు.

తీసి, ఎదురుగా ఉన్న గాలిని చూశాడు.

"ఎదురుగా మనిషి లేందే ఎవరికివ్వను?" అన్నాడు, రాజు గొంతులోంచి బయటికి రాకుండానే.

కరుణాకర్ చేత్తో సైగ చేశాడు. శ్రీలలిత కెమెరా వదిలి మెట్ల వైపు అడుగేసింది.

"నువ్వు కాదు. నువ్వు నీ పని చూసుకో." పేరయ్య చూపు మూడో వరస మీదికి వెళ్ళింది. "సుధా."

సుధామయి ఇప్పుడు కిటికీ వైపు చూడటం లేదు. ఎప్పటి నుంచి చూడటం లేదో శ్రీలలిత గమనించలేదు. తల్లి కళ్ళు నిండి ఉన్నాయి. వాటిని తుడుచుకునే ప్రయత్నం కూడా చేయడం లేదు.

"నాకు నటన రాదు నాన్నా."

"తెలుసు. రా."

ఆమె హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పెట్టింది. వేదిక కింద చెప్పులు విడిచింది. మెట్లెక్కి తండ్రికి ఎదురుగా వెళ్ళి నిలబడింది, ఏం చేయాలో తెలియని మనిషిలా చేతులు రెండూ పక్కన వేలాడేసి. శ్రీలలిత కెమెరాని దగ్గరికి జరిపింది. చట్రంలో రెండు మొహాలు. ఒకే ముక్కు, ఒకే గడ్డం.

పేరయ్య కిరీటం ముందుకి చాపాడు. చేతులు వణుకుతున్నాయి. ఇత్తడి రేకు మీద కిటికీలోంచి పడ్డ ఎండ కూడా వణుకుతోంది.

"అబ్బ," అన్నాడు కరుణాకర్ లోగొంతుతో. "ఏం తీసుకొచ్చిండు లలితా."

సుధామయి మొహం మారింది. తండ్రి కళ్ళలోకి చూసింది. తర్వాత పక్షవాతం తగిలిన ఆయన కుడిచేతి వైపు చూసింది.

"నాన్నా, ఈ వణుకు నువ్వు చేస్తున్నదేనా?"

పేరయ్య పెదవులు కదిలాయి. మాట రాలేదు. కిరీటం ఇంకొంచెం ముందుకి జరిపాడు. అందుకొమ్మని కళ్ళతో చెప్పాడు.

సుధామయి అందుకుంది.

కిరీటం బరువు తీరిపోయినా పేరయ్య చేతులు వణకడం ఆగలేదు.